తుమ్ముల్లేని సీజను

మా మిర్చి యార్డులో సీజను ఎలా ఉందో తెలుసుకోవడానికి పేపరు చదవక్కర్లేదు, ఆఫీసరును అడగక్కర్లేదు. గేటు దగ్గర ఆటో దిగిన కొత్త మనిషి ఎన్ని తుమ్ములు తుమ్ముతాడో వింటే చాలు. సరుకు బాగా వచ్చి, బస్తాలు విప్పి, కాయలు కుప్ప పోసి, కాటాలు ఆడుతూ ఉంటే ఆ ఘాటుకు మనిషి ఆటోవాడి దగ్గర చిల్లర తీసుకునేలోపే నాలుగైదు తుమ్ములు వదులుతాడు. సరుకు పలచబడ్డ ఏడు రెండింటితో సరిపెడతాడు. ఒక్క తుమ్మూ రాలేదంటే ఆ ఏడు చుట్టుపక్కల చాలా పొయ్యిలు చల్లగా ఉంటాయని అర్థం. మా నాన్న ఈ లెక్క మీదే జీవితమంతా వ్యాపారం చేశాడు, నష్టపోలేదు. లోకంలో బయల్దేరేటప్పుడు తుమ్మితే అపశకునం. మా దగ్గర తుమ్మకపోతే అపశకునం.

నాకు వ్యాపారం తప్ప వేరే చదువు లేదు. దేవుడికి కొట్టే కొబ్బరికాయ దగ్గర్నుంచి అల్లుడికి పెట్టే బట్టల దాకా పెట్టేదెంత, వచ్చేదెంత అని చూడటం అలవాటు. కాబట్టి ఈ కథలో నేను ఎవర్నీ తిట్టబోవడం లేదు. తిడితే గిట్టుబాటు కాదు. జరిగింది జరిగినట్టు చెబుతాను. లాభమో నష్టమో మీరే తేల్చుకోండి.

నా షాపు వెనకున్న షెడ్డులో నాంచారమ్మ జట్టు కూర్చుంటుంది. పన్నెండుమంది ఆడవాళ్లు. ఎండు మిరపకాయ నెత్తిన ఉండే తొడిమను మేం ముచ్చిక అంటాం. కారం మిల్లువాళ్లూ, పైదేశాలకు పంపేవాళ్లూ ముచ్చిక తీసిన కాయనే అడుగుతారు. ఆ ముచ్చికలు తీయడం వాళ్ల పని. కిలోకింత అని కూలీ. సీజను నడిచినన్నాళ్లూ చేతులు మండుతూ ఉంటాయి, పొయ్యీ మండుతూ ఉంటుంది. తర్వాత రెండూ ఆరతాయి.

ఆ ఏడు తామర పురుగు తగిలి పంట సగానికి సగం పోయింది. సీజను మొదట్లో ఒకరోజు పొద్దున నేను షాపు తాళం తీస్తుంటే నాంచారమ్మ వచ్చి నిలబడింది.

“సెట్టిగారో, ఈ యేడు పనుంటదా, ఉండదా? ఒక్క మాట చెప్పు.”

“సరుకు తక్కువే నాంచారమ్మా. తక్కువైనా ముచ్చిక లేకుండా కాయ పుట్టదుగా.”

“అదీ మాటంటే! పోయిన వానలకి ఇంటి మీద కప్పిన పట్టాకి చిల్లులు పడి గొడుగు కింద వంట చేశా. మా ఆయన గొడుగు పట్టుకుంటే నేను కూర కలిపా. పెళ్లినాడు గూడా అంత దగ్గిరగా నిలబడలా మేం. ఈ సీజనుతో ఎట్టయినా రేకులేయించాలి.”

“వేస్తావులే.”

“నువ్వన్నావుగా, ఇంక నా రేకులు నీ నాలిక మీద ఉన్నయ్,” అని వెళ్లిపోయింది.

మాట ఉత్తినే వస్తుందని అంటాం గానీ, మాటకున్నంత ఖరీదు సరుక్కి ఉండదు. ఆ రోజు నుంచి నా నాలిక మీద ఒక ఇంటికి సరిపడా రేకులు బరువు తూగుతూనే ఉన్నాయి.

ఆ వారంలోనే చిదానందంగారు దిగారు. వృద్ధి సాధన ప్రత్యేకాధికారి. గేటు దగ్గర కారు దిగి ఒకే ఒక్క తుమ్ము తుమ్మారు. పక్కనే ఉన్న హమాలీల ముఠామేస్త్రీ సైదులు, “చిరంజీవ!” అన్నాడు. చిదానందంగారు వెంటనే రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, “ఈ వాతావరణం అభివృద్ధికి అనుకూలంగా లేదు,” అన్నారు. నేనైతే ఒక్క తుమ్మే కదా అని దిగులుపడ్డాను. ఇద్దరం ఒకే తుమ్మును చూశాం, రెండు రకాలుగా బాధపడ్డాం.

సాయంత్రం వ్యాపారుల్నందర్నీ మీటింగుకు పిలిచారు.

“ఈ యార్డు గత సంవత్సరంతో పోలిస్తే పద్దెనిమిది శాతం వృద్ధి నమోదు చేయాలని పై స్థాయిలో నిర్ణయం జరిగింది,” అన్నారు చిదానందంగారు. “ఆ నిర్ణయాన్ని అమలు చేయడం మాత్రమే మన ముందున్న కర్తవ్యం.”

నా ఎదురు షాపు రామకోటయ్య లేచాడు. ఆయనా నేనూ పాతికేళ్లుగా పోటీ. పెళ్లిళ్లలో ఎదురుపడితే ఆయన విస్తరి వైపూ, నేను వంటవాడి వైపూ చూస్తాం.

“పంట సగమే వచ్చిందండీ,” అన్నాడు రామకోటయ్య.

“పంట వ్యవసాయ శాఖవారి పరిధి. నా పరిధి వృద్ధి. పంట రానంత మాత్రాన వృద్ధి ఎందుకు ఆగాలి? అది సంకుచిత దృక్పథం.” ఆయన నా వైపు తిరిగారు. “మీరు చెప్పండి. టిక్కీ అంటే ఏమిటి?”

“నలభై కిలోల మిర్చి బస్తా అండీ.”

“దాన్ని అమ్మితే ఏమవుతుంది?”

“లారీ ఎక్కుతుందండీ.”

“తర్వాత?”

“మిల్లుకు పోయి కారం అవుతుంది.”

“ఆ తర్వాత?”

“ఆ తర్వాతేముందండీ, కూరలో పడుతుంది.”

చిదానందంగారు కళ్లు మూసుకున్నారు. ఎవరో దగ్గరివాళ్లు పోయారని విన్నట్టు తల అడ్డంగా ఊపారు.

“చూశారా! జాతి సంపదను కూరలో పడేస్తున్నారు. టిక్కీ గేటు దాటిన క్షణాన దాని వృద్ధి ప్రస్థానం ముగిసిపోతోంది. వినియోగం అనేది వృద్ధికి మరణం. ఆ మరణాన్ని సాధ్యమైనంత వాయిదా వేయడమే నేటి ఆవశ్యకత. ఒక టిక్కీ ఒక్కసారే ఎందుకు అమ్ముడుపోవాలి? పదిసార్లు అమ్ముడుపోతే ఈ యార్డు లావాదేవీలు పదింతలు కావా?”

అవుతాయి. లెక్కలో తప్పు లేదు. నేను మనసులోనే రెండుసార్లు వేసి చూశాను.

దానికి ‘నిరంతర పునర్విక్రయ వృద్ధి పథకం’ అని పేరు పెట్టారు. మేం మాత్రం తిరుగుడు అనుకునేవాళ్లం. ప్రతి టిక్కీ యార్డు లోపలే పది చేతులు మారాలి. మారినప్పుడల్లా కిలోకు రూపాయి పెరగాలి, దాన్ని విలువ జోడింపు అంటారు. పది అయితేనే గేటు దాటనిస్తారు. ఎక్కువ లావాదేవీలు చూపించిన వ్యాపారికి వచ్చే ఏడు గేటు పక్క షాపు ఇస్తారు. గేటు పక్క షాపు ప్రస్తుతం రామకోటయ్యది. అది నాకు కావాలి, ఆయనకు వదులుకోవడం ఇష్టం లేదు. ఇంక పథకం విజయవంతం కాక ఏమవుతుంది?

మర్నాడు నేను రామకోటయ్యకు టిక్కీలు అమ్మాను. ఆయన రూపాయి పెంచి అవే నాకు అమ్మాడు. నేను మరో రూపాయి పెంచి ఆయనకు అమ్మాను. నా కమీషన్ ఆయన ఇచ్చాడు, ఆయన కమీషన్ నేనిచ్చాను. పొద్దు గూకే వేళకు టిక్కీలు ఎక్కడివక్కడే, డబ్బులు ఎవరివి వారి దగ్గరే. మధ్యలో తాగిన టీ ఖర్చు మాత్రం ఇద్దరికీ తగిలింది. యార్డు మధ్యలో పెట్టిన కరెంటు బోర్డు మీద మా ఇద్దరి వృద్ధీ నాలుగువందల శాతం అని వెలిగింది. చెంబులో నీళ్లు గిన్నెలోకి, గిన్నెలో నీళ్లు చెంబులోకి పోసి చెరువు తవ్వామన్నట్టుంది. అయినా పాతికేళ్లలో మొదటిసారి రామకోటయ్య నన్ను చూసి నవ్వాడు. పథకం వల్ల కలిగిన మేలు రాసేటప్పుడు అది కూడా రాయాలి.

రైతు మాత్రం మొదటి అమ్మకం దగ్గరే ఆగిపోయాడు. ఆయనకు మొదటి ధర ఇచ్చి పంపాం. మిగతా వృద్ధంతా ఆయన బస్సెక్కిన తర్వాత జరిగింది.

మొదటి వారం హమాలీలకు బాగుంది. టిక్కీ అమ్మినప్పుడల్లా రోడ్డు దాటించి ఆ షాపులో దించాలి, మళ్లీ ఎత్తి ఈ షాపులో దించాలి. మోసినప్పుడల్లా కూలీ. సైదులు కొత్త తువ్వాలు కొన్నాడు.

“సెట్టిగారా, వృద్ధంటే ఇదేనా? ఇదేదో మంచిదే! పొద్దున మోసిందే సాయంత్రం మోత్తన్నాం. పిచ్చోళ్ల పనిలా ఉంది గానీ, కూలీ మాత్రం మంచోళ్లదే.”

ఆ తువ్వాలు ఒక ఉతుక్కి కూడా రాకముందే చిదానందంగారు చేతి గడియారం చూసుకుంటూ రోడ్డు మధ్యలో నిలబడ్డారు.

“ఈ మోత వల్ల ప్రతి లావాదేవీ ఆలస్యం అవుతోంది. ఆర్థిక పరిభాషలో దీన్ని ఘర్షణ అంటారు. టిక్కీ కదలనక్కర్లేదు. యాజమాన్యం కదిలితే చాలు.”

“మరి మేమో సార్?” అన్నాడు సైదులు.

“మీరు కూడా కదలనక్కర్లేదు.”

ఆ రోజు నుంచి టిక్కీ ఉన్నచోటే ఉండేది. అటెండరు గంట కొడితే నాది రామకోటయ్యది అయ్యేది, మళ్లీ కొడితే రామకోటయ్యది నాది అయ్యేది. సైదులు కొత్త తువ్వాలు పరుచుకుని వేపచెట్టు కింద పడుకున్నాడు. బోర్డు మీద అంకె మాత్రం మోతలు ఆగాక ఇంకా వేగంగా పెరిగింది. అది చూసి చిదానందంగారు, మనుషులు ఎంత తక్కువైతే వృద్ధి అంత ఎక్కువ అనే సత్యాన్ని ప్రయోగపూర్వకంగా నిరూపించామని చెప్పారు.

నాంచారమ్మ జట్టు రోజూ పొద్దున వచ్చి షెడ్డులో కూర్చునేది. టిక్కీలు ఎదురుగానే కొండలా ఉన్నాయి. విప్పేవాడు లేడు. ఒక మధ్యాహ్నం ఆమె నన్ను వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్లింది.

“సార్, బస్తాలు ఇప్పిస్తే ముచ్చికలు తీసుకుంటాం,” అంది.

“తీస్తే బరువు తగ్గుతుందా?” అన్నారు చిదానందంగారు.

“తగ్గుద్ది సార్. టిక్కీకి రెండు, మూడు కిలోలు పోద్ది.”

“బరువు తగ్గితే విలువ తగ్గుతుంది. విలువ తగ్గితే వృద్ధి తగ్గుతుంది. అంటే మీరు వృద్ధి నిరోధక చర్యకు అనుమతి అడుగుతున్నారు.”

“ముచ్చికలతో కూరొండుకుంటారా సార్ ఎవురైనా?”

“కూర నా పరిధిలో లేదమ్మా.”

“మా పరిధిలో అదొక్కటే ఉంది సార్. పని లేకపోతే మేమేం తినాలి?”

చిదానందంగారు కోప్పడలేదు. మంచి మనిషి. కుర్చీ ముందుకు జరుపుకుని చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పారు.

“మీరు పని గురించి ఆలోచించకండి. ఈ యార్డు సంపద పెరుగుతోంది. దాంతోపాటు మీ తలసరి ఆదాయమూ పెరుగుతోంది. ఇప్పటికే మూడింతలైంది.”

“నాదా?”

“మీదే.”

“ఎక్కడికి పోయి తెచ్చుకోవాలి సార్?”

“అది తెచ్చుకునేది కాదమ్మా, వచ్చేది.”

“ఎక్కడికి వచ్చుద్ది?”

“సగటుకు.”

నాంచారమ్మ నా వైపు తిరిగింది. “సెట్టిగారా, ఈ సగటు ఇల్లు ఏ బజార్లో?”

నేను గోడ మీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను. బయటికి వచ్చాక ఆమె ఒక్కటే అంది: “ఆ సగటెవరో గానీ, వాడింటి మీద రేకులు పడే ఉంటయ్.”

నా ఇంట్లో కూడా వృద్ధి కనిపించడం మొదలైంది. ఆవకాయ రోజులు వచ్చాయి. మా ఆవిడ సుగుణమ్మ రెండు కిలోల మంచి కాయ తెమ్మంది. ముప్ఫై ఏళ్లుగా ఆమె అలాగే చెబుతుంది, నేను అలాగే తెస్తాను. గేటు దగ్గర వాచ్‌మన్ నా సంచి ఆపాడు. నా కాయే, నా సంచే, నా యార్డే. కానీ పది అమ్మకాల నిబంధన అప్పటికే వంద అయింది, నా కాయ ఇంకా అరవై దగ్గరే ఉంది. చివరికి బజార్లో పాకెట్టు కారం కొన్నాను. యార్డులో ధర రూపాయి రూపాయి చొప్పున ఎక్కి కొండెక్కింది కాబట్టి, బయట వ్యాపారులు మా వైపు చూడటం మానేసి వేరే రాష్ట్రం నుంచి తెప్పించుకుంటున్నారు. ఆ పాకెట్టు అక్కడిదే.

సుగుణమ్మ పాకెట్టును అటూ ఇటూ తిప్పి చూసింది.

“మిర్చి వ్యాపారి పెళ్లాం పాకెట్టు కారంతో ఆవకాయ పెట్టిందని బయట ఎక్కడా అనకండి. మీ లైసెన్సు కంటే ముందు నా పరువు పోతుంది.”

“బోర్డు మీద మనం ఆరువందల శాతం పెరిగాం సుగుణా.”

“ఆ శాతాన్నే కలపండి ఆవకాయలో, ఎర్రగా వస్తుందేమో చూద్దాం.”

ఆవకాయ నారింజ రంగులో వచ్చింది. మా అల్లుడు రెండో ముద్దకే పప్పు అడిగాడు. ముప్ఫై ఏళ్ల పేరు ఒక్క జాడీలో పోయింది.

ఇక్కడితో ఆగితే అది ఆఫీసు కాదు. చిదానందంగారికి మరో ఆలోచన వచ్చింది. అన్ని వేల టిక్కీలు చేతులు మార్చడానికి సమయం వృథా అవుతోంది. అన్నీ ఒకేలాంటివి కదా, ఒక్కదాన్ని మార్చితే చాలదా? మిగతావి గోడౌన్లో పెట్టి తాళం వేశారు. ఒక టిక్కీని ఏరి యార్డు మధ్యలో చిన్న వేదిక కట్టి దాని మీద కూర్చోబెట్టారు. పైన షామియానా వేశారు. దానికి ‘ఆదర్శ టిక్కీ’ అని బోర్డు పెట్టారు. చెరో పక్క కుర్చీలేసి నన్నూ రామకోటయ్యనూ కూర్చోబెట్టారు. మిగతా వ్యాపారులకు మధ్యాహ్నం షిఫ్టు. గంట కొట్టినప్పుడల్లా అటెండరు దాన్ని కాటా మీదకు దొర్లించి బరువు చదివేవాడు, బోర్డు మీద అంకె మారేది.

“నాది,” అనేవాణ్ని నేను.

“నాది,” అనేవాడు రామకోటయ్య.

మధ్యలో కునుకు పట్టి ఆయన వంతు కూడా నేనే అనేసేవాణ్ని. ఆయన కళ్లు తెరిచి, “ఇప్పుడెవరిది బావా?” అనేవాడు. మాది అంత దగ్గరి స్నేహమైంది. రోజుకో పూలదండ వేసేవాళ్లు ఆ టిక్కీకి. ఊళ్లో ఒకరిద్దరు దండం పెట్టుకుని వెళ్లడం కూడా చూశాను.

యార్డు పరిశుభ్రంగా మారిపోయింది. నేల మీద ఒక్క గింజ లేదు, గాలిలో ఒక్క నలుసు లేదు. గేటు దగ్గర దిగినవాళ్లు హాయిగా గాలి పీల్చుకుని నవ్వుతూ లోపలికి వస్తున్నారు. ఒక్క తుమ్ము లేదు. చిదానందంగారు వాతావరణం ఎట్టకేలకు అభివృద్ధికి అనుకూలంగా మారిందన్నారు. నాకు మా నాన్న గుర్తొచ్చి భయం వేసింది.

అంత వృద్ధి ఊరికే పోదు. రాజధాని నుంచి ఉన్నతస్థాయి అధ్యయన బృందం వస్తోందని కబురు వచ్చింది. ఆ ముందు రోజు చిదానందంగారు స్వయంగా నా షాపుకు వచ్చారు. కాస్త కంగారుగా ఉన్నారు.

“శెట్టిగారూ, ఒక చిన్న సాంకేతిక ఇబ్బంది. వృద్ధి రాష్ట్రంలోనే ప్రథమం. కానీ పేదరికం ఎంత తగ్గిందో కూడా చూపించమంటున్నారు.”

“తగ్గిందాండీ?”

“వృద్ధి జరిగిన విషయం పేదరికానికి ఇంకా చేరినట్టు లేదు. అది క్రమంగా జరుగుతుంది. ఈలోగా కొంతమంది పేదలు కావాలి. పదిమంది దాకా ఉంటే చాలు. టిక్కీ దగ్గర కూర్చుని పని చేస్తున్నట్టు ఫొటో దిగాలి. శుభ్రంగా ఉండాలి, సంతోషంగా ఉండాలి.”

“పేదలకు కొదవేముందండీ. నాంచారమ్మా!” అని పిలిచాను.

ఆమె వచ్చి విషయం విని నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

“ఫొటోకైతే వస్తాం సార్. కానీ యార్డు ఆచారం ఒకటుంది. కాయ మీద చెయ్యి పడిందంటే కూలీ పడినట్టే. మా అమ్మ కాలం నాటి మాట. సెట్టిగార్ని అడుగు.”

“నిజమేనండీ, అది మా దగ్గర రివాజు,” అన్నాను.

“పని చెయ్యనక్కర్లేదమ్మా, చేస్తున్నట్టు నటించాలి.”

“నటించడం మాకు రాదు సార్. పనైతే వచ్చు.”

చిదానందంగారికి బృందం భోజనాలూ, పూలబొకేలూ చూసుకోవలసిన తొందర. “సరే సరే, ఏదో ఒకటి. మంచి చీరలు కట్టుకుని రండి,” అని వెళ్లిపోయారు.

వెళ్లిపోయాక నాంచారమ్మ నన్ను చూసింది, నేను ఆమెను చూశాను. మా వ్యాపారంలో ఖాయమైన బేరాలకు మాటలు దండగ.

మర్నాడు బృందం వచ్చింది. దాని నాయకుడు తెల్ల సఫారీ వేసుకున్న పెద్దమనిషి. గేటు దగ్గర దిగి ఊపిరి పీల్చుకుని, “మిర్చి యార్డంటే భయపడ్డాను. ఇక్కడ పూలతోటలా ఉందే!” అన్నాడు. చిదానందంగారి ముఖం వెలిగింది.

వేదిక ముందు చాప పరిచి నాంచారమ్మ జట్టును కూర్చోబెట్టారు. పన్నెండుమందీ ఉన్నవాటిలో మంచి చీరలు కట్టుకుని వచ్చారు. ఫొటోలో కాయ కనబడాలి కదా, అందుకని ఆదర్శ టిక్కీ మూతి కుట్టు విప్పి చాప మీద కుమ్మరించారు.

అన్నాళ్లు మూతి కట్టి ఉక్కలో మగ్గిన కాయ అది. ఒక్కసారిగా విప్పి కుమ్మరిస్తే ఏమవుతుందో మాలో ఎవర్నడిగినా చెప్పేవాళ్లం. ఎవరూ అడగలేదు. ముందు ఫొటోగ్రాఫరు తుమ్మాడు. తర్వాత అటెండరు. తర్వాత సఫారీ పెద్దమనిషి మొదలుపెట్టి ఇక ఆపలేదు. ఆయన తుమ్మినప్పుడల్లా వేపచెట్టు కింద నుంచి సైదులు “చిరంజీవ!” అంటూనే ఉన్నాడు. ఆ లెక్కన ఆ పెద్దమనిషి ఇంకా చాలా ఏళ్లు సుఖంగా ఉండాలి. నాకు మాత్రం చెవుల్లో సన్నాయి మోగినట్టు ఉంది. ఎన్నాళ్లయింది యార్డులో తుమ్ము విని!

అయినా ప్రసంగాలు ఆగలేదు. రుమాళ్లు అడ్డం పెట్టుకునే చదివారు. చిదానందంగారు సమ్మిళిత వృద్ధి గురించి మాట్లాడారు. సఫారీ ఆయన ఆ వృద్ధి పైనుంచి కిందికి ఎలా జాలువారుతుందో చెప్పారు. బృందంలో మిగతా నలుగురూ వాళ్లిద్దరూ చెప్పింది సమర్థించారు. అన్నీ కలిపి రెండు గంటలు దాటి ఉంటుంది. ఆ సేపంతా చాప మీద పన్నెండు జతల చేతులు ఆడుతూనే ఉన్నాయి. ఫొటో ఎప్పుడో అయిపోయింది. ఆపమని ఎవరూ చెప్పలేదు, వాళ్లు ఆపలేదు. ఎన్నాళ్లుగానో ఖాళీగా కూర్చున్న చేతులు. టక్కున ముచ్చిక విరవడం, కాయ ఇటు పడేయడం, తొడిమ అటు పడేయడం. పాత పాట ఏదో లోలోపల పాడుకుంటున్నారు కూడా. వేదిక మీద నుంచి అంతా సంతోషంగా ఉన్నట్టే కనిపించింది. నిజంగానే సంతోషంగా ఉన్నారు.

నేను అంతా చూస్తూనే ఉన్నాను. ఆపితే నాకేమొస్తుంది? ఆపలేదు.

చివర్న ప్రత్యక్ష ప్రదర్శన. కాయ మళ్లీ బస్తాకెత్తి మూతి కట్టారు. అధ్యయన బృందం కళ్లముందే అమ్మకం జరగాలి. అటెండరు గంట కొట్టాడు. టిక్కీని కాటా మీదకు దొర్లించి అలవాటు ప్రకారం గట్టిగా చదివాడు:

“ముప్ఫయ్యేడు కిలోలు!”

చిదానందంగారు, “నలభై,” అన్నారు.

“లేద్సార్. ముప్ఫయ్యేడే.”

బోర్డు మీద ఎర్ర అంకె ఒకసారి మినుక్కుమని, కిందికి దిగింది. దాని ముందు మైనస్ గీత వెలిగింది. యార్డు మొత్తం వృద్ధి ఆ ఒక్క బస్తా మీదే నిలబడి ఉంది కదా, అందులోంచి మూడు కిలోలు లాగేస్తే యార్డు మొత్తం కిందికి జారింది. పంట సగం పోయినప్పుడు కూడా తగ్గని వృద్ధి గుప్పెళ్లకొద్దీ తొడిమలు తీస్తే తగ్గిపోయింది.

“ఇది... ఇది మాంద్యం!” అన్నారు సఫారీ ఆయన, మరో తుమ్ము మధ్యలో.

చిదానందంగారు చాప మీదికి ఉరికారు. “ఎవరు తీయమన్నారు? తిరిగి పెట్టండి! వెంటనే అన్నీ తిరిగి పెట్టండి!”

నాంచారమ్మ తొడిమల కుప్ప మీద నుంచి తలెత్తింది.

“పెడతాం సార్. కానీ తీసే రేటు వేరు, పెట్టే రేటు వేరు. ముందు తీసినదానికి ఇప్పించండి.”

“దానికి పద్దు లేదు! నటించమన్నాను గదా!”

“రాదని చెప్పాంగా సార్.”

నేను కుర్చీలోంచి లేచాను. ఆ క్షణాన టిక్కీ ఎవరిదో నాకు గుర్తులేదు. “రామకోటయ్యా, ఇది ఎవరిది?” అన్నాను.

పడిపోతున్న సరుకు ఎవడికి కావాలి? “నీదే బావా, ముమ్మాటికీ నీదే!” అన్నాడు. తిరుగుడు మొదలయ్యాక ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి నిజం అది.

జేబులోంచి డబ్బు తీసి, పెద్ద సార్ల ముందే ముచ్చిక కూలీ నాంచారమ్మ చేతిలో పెట్టాను. వేల లావాదేవీలు జరిగిన ఆ యార్డులో గోడౌన్లకు తాళాలు పడ్డాక ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి వెళ్లి, వెనక్కి రాని డబ్బు అదే. పన్నెండుమంది పంచుకుంటే తలా కొంచెం. నాంచారమ్మ తన వాటా చూసుకుని, “రేకులకు చాలదు సెట్టిగారా. రేకులు బిగించే మేకులకు సరిపోద్ది,” అంది. కొంగున ముడేసుకుంది.

సైదులు పిలవకుండానే వచ్చి టిక్కీ భుజానికెత్తుకున్నాడు. వాచ్‌మన్ ఆపబోయి ఆగాడు. వందసార్లు అమ్ముడైతే గేటు దాటవచ్చని నిబంధన, అదేమో కొన్ని వేలసార్లు అమ్ముడైంది. నాకు తెలిసి ఆ నిబంధనను పూర్తిగా పాటించిన సరుకు ప్రపంచంలో అదొక్కటే. ఆ రాత్రి సుగుణమ్మ కొత్త జాడీ కడిగింది.

తర్వాతి రోజు పేపర్లలో మా యార్డు పేరు పెద్ద అక్షరాల్లో వచ్చింది: తీవ్ర మాంద్యం, కుప్పకూలిన వృద్ధి. పైనుంచి అత్యవసర ఆదేశం దిగింది. సరుకు విలువ పడిపోతోంది కాబట్టి నష్ట నివారణ చర్యగా గోడౌన్లలోని టిక్కీలన్నీ తక్షణం వదిలించుకోవాలి. తిరుగుడు రద్దు. ధర నేల మీదకు దిగింది. మిల్లువాళ్లు లారీలు వేసుకుని వచ్చారు. హమాలీలు మోశారు, కాటాలు ఆడాయి, బస్తాలు విప్పారు. రామకోటయ్యా నేనూ మళ్లీ మాటలు మానేసి పోటీ పడ్డాం. వ్యాపారం అంటే అదీ.

చిదానందంగారికి పదోన్నతి మీద చేపల శాఖకు బదిలీ అయింది. పట్టిన చేపను మళ్లీ నీళ్లలో వదిలి మళ్లీ పట్టవచ్చా అనే విషయం మీద అధ్యయనం చేస్తున్నారని విన్నాను. వెళ్లేరోజు గేటు దగ్గర కారెక్కబోతూ ఆగకుండా తుమ్మారు. చెయ్యెత్తి దండం పెట్టాను. ఆ తుమ్ములకు ఆయనా ఒక కారణమే.

సీజను చివరి రోజుల్లో నాంచారమ్మ షెడ్డులోంచి షాపులోకి వచ్చింది. చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. వంటింటి మీద రేకులు పడ్డాయట. పడుకునేచోట మాత్రం ఇంకా చిల్లుల పట్టానే.

“సెట్టిగారా, ఒక మాటడుగుతా. పేపర్లో రాశారంటగా, మన యార్డుకి మాంద్యం వచ్చిందని?”

“అవును, రాశారు.”

“వచ్చే యేడు గూడా దాన్ని తెప్పించలేవా? పడుకునే కాడ రేకులెయ్యడం ఉండిపోయింది.”

ఏదో చెప్పబోయాను. మాట నోట్లో ఉండగానే తుమ్ము వచ్చింది. దాని వెనకే ఇంకొకటి, ఇంకొకటి.

“చిరంజీవ!” అంది నాంచారమ్మ. అదే జవాబనుకుని నవ్వుకుంటూ మళ్లీ పనిలోకి వెళ్లిపోయింది.